నాదానికి జీవ

రాత్రి భోజనాలు ముగిసి ఊరు సద్దుమణిగిన తరువాత షార్ట్ వేవ్ మీద దూరపు కేంద్రాలను వెదకిన పెద్దలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. సిలోన్ నుండి తెలుగు పాట వస్తూ ఉండేది. పల్లవి స్పష్టంగా వినిపించేది. చరణం మధ్యకు వచ్చేసరికి గొంతు ఎక్కడికో జారిపోయి, గుహలో నుండి పలికినట్లయి, మళ్ళీ అల మీద తేలివచ్చినట్లు దగ్గరయ్యేది. పెట్టెను చరచినవారున్నారు, ఏరియల్ తీగను సవరించినవారున్నారు. నిజానికి తప్పు పెట్టెదీ కాదు, తీగదీ కాదు. ఆకాశంలో చాలా ఎత్తున అయనోస్ఫియర్ అనే విద్యుదావేశపు పొర ఉన్నది. షార్ట్ వేవ్ తరంగం ఆ పొరలో వంగి మళ్ళీ భూమికి వస్తుంది. ఒకే పాట రెండు మూడు దారుల్లో, కొద్దిపాటి కాలభేదంతో మన ఏరియల్‌ను చేరుతుంది. పొర నిలకడగా ఉండదు కనుక ఆ భేదమూ మారుతూ ఉంటుంది. ఒక క్షణం అలలు ఒకదానికొకటి తోడవుతాయి. మరుక్షణం ఒకదాని నొకటి చెరుపుకొంటాయి.

మనం చీకాకుపడిన ఈ ఊగులాటను ఒక జపాను ఇంజనీరు విని, ఇది సంగీతానికి పనికివస్తుందని గుర్తించినాడు. ఆయన కథ తరువాత చెబుతాను. ఈనాడు పాటలను రికార్డు చేసే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో ట్రెమొలో, వైబ్రాటో, కోరస్, ఫ్లాంజర్, ఫేజర్ అనే పనిముట్లు వరుసగా ఉంటాయి. వీటన్నిటికీ కలిపి మాడ్యులేషన్ ఎఫెక్టులని పేరు. ఇంట్లో కూర్చుని పాడి రికార్డు చేసుకొనే పిల్లలు కూడా వీటిని ఒక్క మీటతో తెచ్చుకొంటున్నారు. ఆ మీటల వెనుక ఒక పెద్ద చరిత్ర ఉన్నది. అది కదలని నాదాన్ని భరించలేని మనిషి చెవి చరిత్ర. ఆ చరిత్రలో మన రేడియోకు కూడా ఒక పాత్ర ఉన్నది. అది అంత సంతోషించదగిన పాత్ర కాదు.

ముందు మాట అర్థం చూద్దాం. రేడియో ఉన్న ఇంట మాడ్యులేషన్ అనే మాట కొత్తది కాదు. మీడియం వేవ్‌లో కేంద్రం పంపే తరంగం ఎత్తు, పాటను అనుసరించి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఎఫ్.ఎం.లో ఎత్తు మారదు. సెకనుకు ఎన్ని స్పందనలనే లెక్క మారుతుంది. అమెరికాలో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ రెండవ పద్ధతికి 1933లో పేటెంట్లు పొందినాడు. మన దేశంలో ఎఫ్.ఎం. ప్రసారం 1977లో మద్రాసులో మొదలైనది. రెండింటిలోనూ సూత్రం ఒకటే: ఒక తరంగం చేతిలో మరొక తరంగం ఊగుతుంది. సంగీతంలోనూ అంతే. ఒక నెమ్మదైన కదలిక స్వరాన్ని పట్టుకొని ఊపుతుంది. స్వరం బలం ఊగితే ట్రెమొలో. స్వరస్థానం ఊగితే వైబ్రాటో. మొదటిది మీడియం వేవ్‌కు చుట్టం, రెండవది ఎఫ్.ఎం.కు చుట్టం. పాశ్చాత్య సంగీతంలో ఒక శ్రుతి నుండి మరొక శ్రుతికి మారడాన్ని కూడా మాడ్యులేషన్ అంటారు. అది వేరు విషయం. ఇక్కడ దానితో పనిలేదు.

ఈ కదలిక కొరకు యంత్రాల దాకా పోనక్కరలేదు. మన తంబురానే చూడండి. నాలుగు తీగలు: పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. సారణి, అనుసారణి రెండూ ఒకే స్థాయికి శ్రుతి చేస్తారు. అయినా రెండింటి మధ్య వెంట్రుకవాసి భేదం మిగులుతుంది. ఒక తీగ సెకనుకు 200 మార్లు, రెండవది 201 మార్లు కంపిస్తే, సెకనుకు ఒకసారి నాదం ఉబికి తగ్గుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని విస్పందనమంటారు. జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రచురించిన ఉద్గ్రంథంలో ఈ విస్పందనాలను విస్తారంగా పరిశీలించినాడు. తంబురాలో ఇంకొక రహస్యం ఉన్నది. గుర్రం మీద తీగ క్రింద ఒక నూలుపోగు పెట్టి, నాదం విచ్చుకొనే చోటు దొరికేదాకా దానిని వేలితో అటూ ఇటూ జరుపుతారు. గుర్రం ఉపరితలం వంపుగా ఉండటం వలన కంపించే తీగ దానిని మాటిమాటికీ తాకి విడుస్తుంది. అందుచేత మీటిన తరువాత నాదం ఒకే రంగులో ఉండక, లోపలి అనుస్వరాలు ఒకదాని తరువాత ఒకటి పైకి తేలుతాయి. సి.వి. రామన్ 1921లో ప్రచురించిన ఒక వ్యాసంలో, ఈ వంపు గుర్రం వలన తంబురా, వీణలు తంత్రీవాద్యాల గురించి యూరపులో స్థిరపడిన ఒక నియమాన్ని ఎట్లా అతిక్రమిస్తున్నవో చూపినారు. మన వాద్యకారులకు ఆ నియమం తెలియదు, అతిక్రమణా తెలియదు. కాని ఆ నూలుపోగుకు ఏమి పేరు పెట్టినారో చూడండి. దానిని ‘జీవ’ అన్నారు. కదిలే నాదానికి జీవమున్నదని, కదలనిదానికి లేదని చెప్పడానికి ఇంతకంటె చిన్న మాట దొరకదు.

గాత్రంలో ఈ కదలికకు గమకమని పేరు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో 15 గమకాలను లెక్కించినాడు. వాటిలో కొన్నింటిని ఆయన విడదీసిన తీరు ఈనాటి సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. స్వరం ఊగే వేగాన్ని ఆయన కాలమానంతో కొలిచినాడు. కంపితం ద్రుతంలో సగం వేగాన ఊగుతుంది. లీనం ఒక ద్రుతం. ఆందోళితం ఒక లఘువు. ప్లావితం ఒక ప్లుతం. అంటే ఊపుకు తాళంతో ముడిపెట్టినాడు. ఈనాడు ట్రెమొలో పనిముట్టును తెరిస్తే, ఊపు వేగాన్ని పాట నడకకు జోడించి అందులో సగమా, నాలుగవ వంతా అని అడుగుతుంది. ఏడు వందల ఏళ్ళ క్రిందట శాస్త్రకారుడు వేసుకొన్న ప్రశ్న అదే.

యూరపులోనూ ఈ తపన పాతదే. అక్కడి దేవాలయాలలోని పెద్ద గొట్టపు ఆర్గాను గాలితో పలుకుతుంది. మీట నొక్కినంతసేపు స్వరం శిలవలె నిలిచి ఉంటుంది. ఆ నిశ్చలత్వం గంభీరమైనదే కాని, దానిలో మనిషి లేడు. 16వ శతాబ్దంలో ఇటలీ పనివారు ఒక వరుస గొట్టాలకు తోడుగా, కొద్దిగా శ్రుతి తప్పించిన మరొక వరుసను అమర్చినారు. రెండూ కలిసి పలికితే నాదం మెల్లగా అలలాడుతుంది. ఆ వరుసకు వారు ‘మానవ కంఠం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టినారు. గాలినే వణికించే ట్రెమ్యులెంట్ అనే అమరిక కూడా ఆ కాలానికే వచ్చినది. ఉద్దేశపూర్వకంగా శ్రుతి తప్పించి దానిని మానవ కంఠమనడంలో పెద్ద సత్యమున్నది. నలుగురు కలిసి పాడితే నలుగురి శ్రుతీ అణుమాత్రమైనా తేడా లేకుండా కలవదు. ఆ కలవకపోవడమే బృందగానపు నిండుతనం. ఈనాటి కోరస్ పనిముట్టుకు తాత ఆ ఇటలీ గొట్టాల వరుసే.

అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ సీషోర్ 1930 ప్రాంతాల్లో ప్రసిద్ధ గాయకుల గానాన్ని పరికరాలతో కొలిచినాడు. పాశ్చాత్య గాయకుల వైబ్రాటో సెకనుకు సుమారు ఆరు నుండి ఏడు ఊపులని తేల్చినాడు. ఈ అంకెను గుర్తుంచుకోండి.

ఇక విద్యుత్తు కాలం వచ్చినది. 1935లో లారెన్స్ హామండ్ అనే అమెరికను తన విద్యుదార్గానును అంగడికి తెచ్చినాడు. లోపల పండ్ల చక్రాలు తిరుగుతాయి. అయస్కాంతాల ఎదుట ఆ పండ్లు కదిలినప్పుడు విద్యుత్తరంగం పుడుతుంది. శ్రుతి తప్పదు, గాలి తిత్తి అక్కరలేదు. లాస్ ఏంజిలిస్‌లో డొనాల్డ్ లెస్లీ అనే ఆయన దాని నాదాన్ని ఒక విశాలమైన అంగడిలో విని ముచ్చటపడి 1937లో ఒకటి కొన్నాడు. ఇంటికి తెచ్చి చిన్న గదిలో వాయించేసరికి ఆ నాదం చప్పగా, ప్రాణం లేనట్లు వినిపించినది. పెద్ద భవనంలో గోడల నుండి తిరిగివచ్చే ప్రతిధ్వనులు నాదాన్ని కదిలిస్తాయి. చిన్న గదిలో ఆ సాయం లేదు. ఆయన వాద్యాన్ని తిప్పి పంపలేదు. లౌడ్‌స్పీకర్ నాదాన్ని బయటికి పంపే కొమ్మునే గిరగిర తిప్పినాడు.

రైలుబండి కూత మనవైపు వచ్చేటప్పుడు హెచ్చుగాను, దాటిపోయేటప్పుడు తగ్గుగాను వినిపిస్తుంది. డాప్లర్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1842లో చెప్పిన సూత్రమది. తిరిగే కొమ్ము మనవైపు వచ్చినప్పుడు స్వరం రవంత పెరుగుతుంది, అవతలికి తిరిగినప్పుడు తగ్గుతుంది. బలం కూడా అట్లే పెరిగి తరుగుతుంది. అంటే ట్రెమొలో, వైబ్రాటో రెండూ ఒకే చక్రంలో పుడతాయి. లెస్లీ పెట్టె వేగంగా తిరిగినప్పుడు నిమిషానికి సుమారు 400 చుట్లు. అరవైతో భాగించి చూడండి: సెకనుకు ఆరున్నరకు కొద్దిగా పైన. సీషోర్ గాయకుల కంఠాలలో కొలిచిన అంకె చెక్కపెట్టెలోని చక్రంలోనూ కనిపిస్తున్నది. హామండ్ కంపెనీ ఆ పెట్టెను తీసుకోలేదు. లెస్లీ 1941 నుండి తానే తయారుచేసి అమ్మినాడు. కాలక్రమాన ఆ రెండు పెట్టెలూ విడదీయరాని జంటగా లోకంలో పేరుపొందినవి.

సరిగ్గా ఆ కాలంలోనే, 1940లో, ఢిల్లీలో ఇదే ఫిర్యాదు మీద మరొక తీర్పు వెలువడినది. హార్మోనియం నాదం కదలదు. దాని స్వరాలు మెట్లవలె విడివిడిగా ఉంటాయి. ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు జారే మార్గం లేదు. కనుక అది గమకాన్ని పలికించలేదని విమర్శకులు ఎంతోకాలంగా అంటున్నారు. ఆలిండియా రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసిన జాన్ ఫౌల్డ్స్ 1938లో రేడియో పత్రికలోనే హార్మోనియాన్ని ఖండిస్తూ వ్రాసినాడు. రవీంద్రనాథ్ ఠాగూరుకు కూడా ఆ వాద్యం గిట్టదు. 1940 మార్చి 1వ తేదీ నుండి ఆలిండియా రేడియోలో హార్మోనియం వినిపించరాదని నిషేధం వచ్చినది. అది సుమారు మూడు దశాబ్దాలు సాగి, 1971లో కొన్ని నిబంధనలతో సడలినది.

ఆ నిషేధం వెనుక ఉన్న ప్రశ్న సరియైనదే. తోడి రాగంలో గాంధారం నిలిచి ఉండే స్వరం కాదు, ఊగే స్వరం. దానిని మెట్టు మీద నిలబెడితే తోడి తోడిగా ఉండదు. కాని తీర్పు ఎవరి మీద పడినదో ఆలోచించండి. వాద్యంలో లోపముంటే వాద్యాన్ని బాగుచేసే దారి ఒకటున్నది. లెస్లీ ఆ దారి పట్టినాడు. ఇక్కడ తలుపు వేసినారు. ఆ తలుపు బయట మిగిలినవాడు వాద్యకారుడు. మన తెలుగునాట రంగస్థల పద్యానికి హార్మోనియం ఊపిరి వంటిది. నటుడు రాగం తీస్తే హార్మోనిస్టు ఆ వెంటనే అందుకొనేవాడు. ఊరూరా రాత్రులు మేల్కొని జనం విన్న ఆ సంగీతపు ప్రధాన వాద్యానికి రేడియోలో చోటు లేకపోవడం చిన్న నష్టం కాదు.

పైగా హార్మోనియం పూర్తిగా కదలని వాద్యమేమీ కాదు. తిత్తి మీది చేయి నాదం బలాన్ని ఎంత సున్నితంగానైనా పెంచి తగ్గించగలదు. ఒక్కొక్క స్వరానికి రెండు మూడు రీడ్లున్న పెట్టెలలో వాటి మధ్య సూక్ష్మభేదం అలలను పుట్టిస్తుంది. స్వరస్థానం మాత్రం ఊగదు. రేడియో భాషలో చెప్పాలంటే, హార్మోనియానికి మీడియం వేవ్ మాడ్యులేషన్ ఉన్నది, ఎఫ్.ఎం. మాడ్యులేషన్ లేదు. స్వయంగా మీడియం వేవ్ మీద పలికే రేడియో ఆ కారణాన దానిని వెలివేసినది! ఈ విచిత్రాన్ని తలచుకొని ఈనాడు నవ్వుకోవచ్చు. ఆనాటి వాద్యకారులకు అది నవ్వులాట కాదు.

మళ్ళీ అమెరికాకు వద్దాం. 1940ల దశకంలో గిటారు నాదాన్ని వణికించడానికి డిఆర్మండ్ అనే కంపెనీ ఒక విచిత్రమైన పెట్టెను అమ్మినది. విద్యుత్తును ప్రవహింపనిచ్చే ద్రవం నింపిన చిన్న పాత్రను ఒక మోటారు కుదుపుతూ ఉంటుంది. ద్రవం తొణికినప్పుడల్లా నాదం పెరిగి తరుగుతుంది. ఇక్కడే పేర్ల గందరగోళం కూడా పుట్టినది. ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన గిటారుకు స్వరస్థానాన్ని ఊపే ఒక కడ్డీ ఉన్నది. దానికి ట్రెమొలో అని పేరు పెట్టినారు. అదే కంపెనీ తన ఆంప్లిఫయర్లలో కొన్నింటిలోని, బలాన్ని ఊపే అమరికకు వైబ్రాటో అని పేరు పెట్టినది. రెండు పేర్లూ తారుమారైనవి. ఇప్పటికీ గిటారు వాయించేవారు ఒక మాట చెబితే రికార్డింగు ఇంజనీరుకు మరొక అర్థం స్ఫురించడానికి ఇదే కారణం.

తరువాతి అడుగు రికార్డులతో పడినది. లెస్ పాల్ అనే గిటారిస్టు 1945లోనే రెండు డిస్కు యంత్రాలను, వాటిలో ఒకదాని వేగాన్ని మార్చుతూ, కలిపి ప్రయోగాలు చేసినాడు. ఒకే పాట రెండు యంత్రాల నుండి సెకనులో కొన్ని వెయ్యోవంతుల తేడాతో వచ్చి, ఆ తేడా మారుతూ ఉంటే, నాదం మీద ఒక పెనుగాలి సాగిపోయినట్లు వినిపిస్తుంది. 1959లో టోనీ ఫిషర్ అనే గాయని పాడిన ‘ది బిగ్ హర్ట్’ అనే రికార్డు ఈ ధ్వనితో జనాదరణ పొందినది. 1966లో లండనులోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో బీటిల్స్ బృందం రికార్డింగులు జరుగుతున్నవి. గాయకుడు తన గొంతు నిండుగా వినిపించడానికి పాడినదే మళ్ళీ పాడి మొదటిదానితో కలపవలసి వచ్చేది. జాన్ లెనన్‌కు ఆ శ్రమ విసుగు. కెన్ టౌన్‌సెండ్ అనే ఇంజనీరు రెండవ టేపు యంత్రం సాయంతో ఆ రెండవ గొంతును యంత్రమే పాడేటట్లు చేసినాడు; ఆ టేపు వేగాన్ని చేతితో కొద్దికొద్దిగా మార్చుతూ ఉంటే అది మనిషి పాడినట్లే ఉన్నది. తేడా ఇంకా తగ్గితే పెనుగాలి ధ్వని వస్తుంది. దానికి ఫ్లాంజింగ్ అనే పేరు నిలిచినది. టేపు చక్రపు అంచును బొటనవ్రేలితో ఒత్తి వేగం తగ్గించడం వలన ఆ పేరు వచ్చినదని కొందరు, లెనన్ అడిగిన ప్రశ్నకు నిర్మాత జార్జి మార్టిన్ పరిహాసంగా చెప్పిన సమాధానం వలన వచ్చినదని కొందరు చెబుతారు. ఏమైనా ఈ దశలో యంత్రాన్ని ఊపినది మనిషి చేయి. అందుచేత ఏ రెండు ఊపులూ ఒకటిగా లేవు.

ఇప్పుడు మన జపాను ఇంజనీరు దగ్గరకు వద్దాం. ఆయన పేరు ఫుమియో మియెదా. మాస్కో నుండి వచ్చే రేడియో ప్రసారం ఆకాశపు పొరల్లో చెదరి, ఊగుతూ వినిపించడం ఆయన మనసుకు హత్తుకొన్నది. ఆ ధ్వనిని ఒక పెట్టెలో పట్టాలని యూనివైబ్ అనే పరికరాన్ని రూపొందించినాడు. లోపల ఒక చిన్న బల్బు నెమ్మదిగా వెలిగి మలుగుతుంది. చుట్టూ నాలుగు కాంతిగ్రాహకాలు ఆ వెలుతురును అందుకొని నాదంలోని తరంగాల నడకను వెనుకకు ముందుకు జరుపుతాయి. జరిగిన నాదం, జరగని నాదం కలిసినప్పుడు కొన్ని అనుస్వరాలు మాయమై మళ్ళీ వస్తాయి. దీనినే ఫేజింగ్ అంటారు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో జిమీ హెండ్రిక్స్ తన గిటారును ఈ పెట్టె ద్వారానే వినిపించినాడు. మన ఇళ్ళలో పెద్దలు పెట్టెను చరచిన ఆ ధ్వనికి అక్కడ వేలాదిమంది పరవశులైనారు.

అదే 1969లో హాలండులోని ఫిలిప్స్ పరిశోధనాలయంలో సాంగ్‌స్టర్, టేర్ అనే ఇద్దరు ఒక కొత్త విద్యుత్ మండలాన్ని ప్రకటించినారు. ఊరిలో ఇల్లంటుకొంటే జనం బావి దగ్గర నుండి వరుసగా నిలబడి నీళ్ళ బకెట్లు చేతులు మార్చినట్లు, నాదపు శకలాలు ఒక గడి నుండి మరొక గడికి మారుతూ పోతాయి. చివరి గడి చేరేసరికి కొంత ఆలస్యమవుతుంది. ఆ పోలికనే దానికి పేరుగా పెట్టినారు. టేపు యంత్రాలు చేసిన పనిని ఇక అరచేతిలో ఇమిడే చిప్పు చేయగలిగినది. జపానులో రోలాండ్ వారు 1975లో ఒక గిటారు ఆంప్లిఫయర్‌లోను, 1976లో బాస్ అనే పేరుతో విడిగా ఒక పెట్టెలోను కోరస్‌ను తెచ్చినారు. నాదానికి సెకనులో ఇరవై ముప్ఫై వెయ్యోవంతులు వెనుకబడిన నీడను జతచేసి, ఆ నీడను మెల్లగా ఊపితే ఒక్కడు పదిమందివలె వినిపిస్తాడు. చేయి పోయి, సమవేగంతో తిరిగే విద్యుత్ చక్రం వచ్చినది. సౌకర్యం పెరిగినది. ఏ రెండు ఊపులూ ఒకటిగా లేని ఆ గుణం మాత్రం వెనుకబడినది.

కంప్యూటరు కథ వేరే దారిలో నడిచి ఇక్కడికే చేరినది. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ వ్రాసిన ప్రోగ్రాముతో కంప్యూటరు 17 సెకన్ల సంగీతాన్ని పలికినది. పది సంవత్సరాల తరువాత 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కంప్యూటరుతో వైబ్రాటోను ప్రయోగించి చూస్తున్నాడు. ఊపు వేగాన్ని పెంచుకొంటూ పోయినాడు. సెకనుకు ఆరు ఊపులైతే చెవి ఊపునే వింటుంది. అది పదులు దాటి వందల్లోకి పోయేసరికి ఊపు కనబడకుండా పోయి, స్వరం రంగే మారిపోయినది. గంట నాదం పుట్టినది, ఇత్తడి బాకా నాదం పుట్టినది. చక్రం వేగంగా తిరిగినప్పుడు ఆకులు కనబడక ఒక పలక కనబడినట్లన్నమాట. ఎఫ్.ఎం. రేడియోలోని గణితమే ఇది. ఈ సూత్రం మీద యమహా కంపెనీ 1983లో తెచ్చిన డి.ఎక్స్.7 కీబోర్డు లోకమంతా వ్యాపించినది.

కీబోర్డుకు ఎడమప్రక్కన మాడ్యులేషన్ చక్రం ఒకటి ఉంటుంది. 1970 నాటి మినీమూగ్ సింథసైజరుతో ఈ అమరిక ప్రసిద్ధికెక్కినది. కుడిచేయి స్వరాన్ని పలికిస్తుంది, ఎడమచేయి దానిని ఊపుతుంది. వీణ ఎదుట కూర్చున్నవారి చేతులను ఒకసారి గుర్తుచేసుకోండి. కుడిచేతి వేళ్ళు మీటుతాయి, ఎడమచేతి వేళ్ళు మెట్టు మీద తీగను లాగి గమకం పలికిస్తాయి. 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ ప్రవేశపెట్టిన వి.ఎస్.టి. పద్ధతితో పెట్టెలన్నీ ఒక్కటొక్కటిగా కంప్యూటరు లోపలికి చేరినవి. ఈనాడు లెస్లీ చక్రమూ, మియెదా బల్బూ, లండను టేపు యంత్రమూ తెర మీద బొమ్మలై ఉన్నవి. వాటికి మూడే ముఖ్యమైన మీటలు: ఊపు వేగం, ఊపు లోతు, అసలు నాదంలో దీని పాలెంత.

1997లో మరొక పనిముట్టు వచ్చినది. భూగర్భంలో చమురు జాడలను ధ్వనితరంగాల సాయంతో వెదకే విద్యలో ఆరితేరిన ఆండీ హిల్డెబ్రాండ్, ఆ గణితంతోనే గాయకుల శ్రుతి దోషాలను సరిచేసే ఆటోట్యూన్‌ను నిర్మించినాడు. అది స్వరాన్ని దగ్గరలోని మెట్టు మీద నిలబెడుతుంది. జాగ్రత్తగా వాడితే మేలు చేస్తుంది. కాని తోడి పాడిన రికార్డును దాని చేతికిచ్చి గట్టిగా బిగిస్తే, రిషభ మధ్యమాల వైపు ఊగే గాంధారం ముక్కలై, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క మెట్టు మీద పడుతుంది. 1940లో హార్మోనియం మీద మోపిన నేరాన్ని ఇప్పుడు మనం స్వయంగా మనిషి గొంతుకు చేస్తున్నామన్నమాట. ఆ పిమ్మట ప్రాణం పోయినదని తోచి కోరస్ ఒకటి, వైబ్రాటో ఒకటి తెచ్చి పైన పూస్తున్నాము. ఉన్న జీవ తీసివేసి, కొన్న జీవ అతికించడం ఇది.

కొన్నదానికీ ఉన్నదానికీ భేదమేమిటి? యంత్రం ఊపు అన్ని స్వరాలనూ సమానంగా ఊపుతుంది. మన సంప్రదాయంలో షడ్జ పంచమాలు ప్రకృతి స్వరాలు. వాటిని అచల స్వరాలని కూడా అంటారు. అవి నిలిచి ఉంటేనే మిగిలినవి ఊగడానికి ఆధారముంటుంది. ఊయల ఊగాలంటే దూలం కదలకూడదు గదా! ఏ స్వరం ఊగాలి, ఏది నిలవాలి, ఎంత ఊగి ఎక్కడ ఆగాలి అనే వివేకమే రాగం. ఆ వివేకం చక్రానికి లేదు. అది మీట త్రిప్పే చేతికి ఉండాలి.

ఇంటిలో రికార్డు చేసుకొనే యువతీయువకులకు ఈ చరిత్ర నుండి రెండు మాటలు. ప్రధాన గాత్రాన్ని, తంబురాను వీలైనంతవరకు ఈ పనిముట్లకు దూరంగా ఉంచండి. వాటికి సొంత జీవ ఉన్నది. కీబోర్డు, గిటారు వంటి తోడు నాదాలకు వాడండి. అక్కడ కోరస్ కొంచెం చాలు, కూరలో ఉప్పు వలె. రెండవది రేడియో మాట. కోరస్‌ను స్టీరియోలో ఎడమకు ఒక విధంగా, కుడికి దానికి వ్యతిరేకంగా పరిచే పనిముట్లున్నవి. రెండు స్పీకర్ల మధ్య అది విశాలంగా వినిపిస్తుంది. కాని మీడియం వేవ్ రేడియోలో రెండూ కలిసి ఒక్కటవుతాయి. అప్పుడు ఆ వ్యతిరేక తరంగాలు ఒకదానినొకటి చెరుపుకొని, మీరు శ్రమపడి పరచిన అందం అదృశ్యం కావచ్చు. కనుక పని ముగించే ముందు ఒకే స్పీకరులో, కలిపి, ఒకసారి విని చూడండి.

లెస్లీ తన చిన్న గదిలో, మియెదా తన రేడియో ఎదుట చేసినది ఒకే పని: చెవి ఒగ్గి విన్నారు. మొదట ఏది లోపించినదో విన్నారు, తరువాత చక్రం తిప్పినారు. తంబురా శ్రుతి చేసే మనిషిని గమనించండి. జీవ పెట్టవలసిన చోటు గుర్రం మీద గీత గీసి ఉండదు. పోగును రవంత జరుపుతాడు, మీటి వింటాడు, మళ్ళీ జరుపుతాడు. నాదం విచ్చుకొన్న క్షణాన చేయి తీసివేస్తాడు. తెర మీది మీటకైనా పద్ధతి అదే. జరపడం కంటె వినడం ఎక్కువగా ఉండాలి. విచ్చుకొన్నదని తెలిసిన క్షణాన చేయి తీసివేయాలి.